శనివారం పితికిన ఆవు

నాకు మా కొత్తమ్మాయి ఎబ్బా అంటే కడుపుమంట. అదేమీ రహస్యం కాదు, మా లాబ్‌లో సీసాలు కడిగే ఆవిడకు కూడా తెలుసు.

స్టాక్‌హోమ్‌లోని ఈ లాబ్‌లో ఎనిమిదేళ్లుగా ఆవును చూసుకుంటున్నది నేను. ఆవంటే గడ్డి మేసేది కాదు. సీసపు ఇటుకల గోడ వెనక నిలబెట్టిన ఒక గాజు గొట్టం. అందులో ఉండే స్ట్రాన్షియం తనంతట తానే కొద్దికొద్దిగా ఇట్రియంగా మారుతుంటుంది. క్యాన్సర్ చికిత్సకు వాడే ఆ ఇట్రియాన్ని ఆమ్లంతో కడిగి కిందికి దించుకోవడాన్ని మేం పాలు పితకడం అంటాం. చెయ్యి తొందరపడితే పాలతోపాటు స్ట్రాన్షియం కూడా దిగుతుంది, రోగి ఎముకల్లో చేరి కూర్చుంటుంది. నా చేతిమీదుగా ఒక్కసారి కూడా దిగలేదు.

రాళ్లలో దొరికే ఇట్రియం ఒకటే రకం, దాని బరువు ఎనభై తొమ్మిది. అది ఎన్ని యుగాలైనా అలాగే పడి ఉంటుంది. మా ఆవు ఇచ్చేది దాని ఐసోటోపు, తొంభై. ఒక్క న్యూట్రాన్ ఎక్కువ, ఆ మాత్రానికే నిలకడ పోయింది. అరవై నాలుగు గంటల్లో సగం హరించుకుపోతుంది. పూర్తిగా పితికిన ఆవు మళ్లీ సగం నిండడానికి కూడా సరిగ్గా అంతే పడుతుంది.

ఎబ్బా మార్చిలో లుండ్ యూనివర్సిటీ నుంచి మా దగ్గర పనికి వచ్చింది. జూన్‌లో, మిడ్‌సమ్మర్ పండగ రోజున, మా లాబ్ పెద్ద, యూనివర్సిటీలో డోసెంట్ హోదా ఉన్న అల్‌గ్రెన్, అందరి ముందూ ఆ పిల్లకు చెయ్యి చాచి "టోర్‌స్టెన్" అన్నారు. "ఎబ్బా" అంది ఆ పిల్ల. ఇక ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒకరినొకరు నువ్వు అనుకోవడమే. మేం ఎవరిని పడితే వాళ్లను నువ్వు అనం. పెద్దవాళ్లు ముందుగా చెయ్యి చాచి తమ పేరు చెప్పాలి. అంతవరకూ చిన్నవాళ్లు నోరు మూసుకుని ఉండాలి. ఆయన లాబ్‌కు పెద్ద, నేను ఆయన కింద పనిచేసేదాన్ని. అందుకే ఎనిమిదేళ్లు నోరు మూసుకుని ఆ చెయ్యి కోసం చూశాను. నేను ఇంకా డాల్ గారినే, ఆయన ఇంకా డోసెంట్ గారే. మొన్న వచ్చిన పిల్ల మాత్రం టోర్‌స్టెన్, టోర్‌స్టెన్ అని లాబంతా వినబడేలా పిలుస్తుంటే నా ఒళ్లు మండిపోయేది. ఆయనంటే నాకిష్టం. దాన్నీ దాచను.

ఆగస్టులో ఆయన ఇంకో దెబ్బ కొట్టారు. మంగళవారం హాస్పిటల్ డాక్టర్లు వస్తున్నారట, వాళ్ల ముందు ఎబ్బా పితకాలట, ఆవు గది తాళంచెవి ఆమెకు ఇవ్వమన్నారు. ఇచ్చాను. ఆ చేతికి నా ఆవును అప్పగించానని మూడు రాత్రులు కుళ్లుకున్నాను.

శనివారం సాయంత్రం ఇట్టర్‌బీలో, పాత గని పక్కనున్న డోసెంట్ గారి వేసవి ఇంట్లో క్రేఫిష్ విందు, ఏటా ఆగస్టులో ఏటి రొయ్యల్లాంటివి ఒలుచుకు తినే వేడుక. ఇట్రియానికి పేరిచ్చిన ఊరు అదే. ఎబ్బా తలనొప్పి అని రాలేదు. డోసెంట్ గారు ఆ విందు రివాజు ప్రకారం కాగితం టోపీ పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు గానీ, చూపంతా గేటు మీదే. నేను క్రేఫిష్ గుల్లలు కసిగా విరిచాను.

మంగళవారం పదింటికి ఎబ్బా పితికింది. కొలిచే యంత్రం రావలసినదాంట్లో సగమే చూపించింది. రోగికి అది చాలదు, చికిత్స వాయిదా పడింది, డాక్టర్లు టోపీలు తీసుకుని వెళ్లిపోయారు. ఎవరో ముందే ఆవును పితికేశారన్నమాట. డోసెంట్ గారు నావైపు తిరిగారు.

"డాల్ గారి దగ్గర ఇంకో తాళంచెవి ఉందా?"

ఉందన్నాను. నా కుళ్లు అందరికీ తెలుసు కదా, దొంగను వెతకాల్సిన పని లేదు. ఆయన కూడా నన్ను అలా అనుకున్నారన్నదే గుండెలో దిగింది. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను. సగం నిండిందంటే పితికి అరవై నాలుగు గంటలు. మంగళవారం పదింటి నుంచి వెనక్కి లెక్కపెడితే శనివారం సాయంత్రం ఆరు.

"అప్పుడు నేనెక్కడున్నానో డోసెంట్ గారికి గుర్తుందా?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఎబ్బా భోరుమంది. డాక్టర్ల ముందు చెయ్యి వణక్కూడదని ఎవరూ లేనప్పుడు వచ్చి ఒకసారి సాధన చేసిందట. దించిన ఇట్రియాన్ని తిరిగి ఆవులోనే పోసేద్దామనుకుంది, ఒలికిపోయింది, భయపడి చెప్పలేదు. నాకు లోపల పండగలాగుంది. అంతలో ఆ పిల్ల నావైపు తిరిగింది.

"రోజూ అదే మాటండీ. డాల్ గారి చెయ్యి, డాల్ గారి పాలు. మిడ్‌సమ్మర్ నుంచి ఆయన నాతో మాట్లాడిందంతా మీ గురించే. వినలేక చచ్చాను. మిమ్మల్ని చూస్తేనే నాకు కుళ్లు."

నా పండగ అక్కడే ఆగిపోయింది.

కాఫీ వేళకు డోసెంట్ గారు నా ఎదుట కూర్చుని క్షమించమన్నారు. నేను ఊరుకోలేదు. నిన్నగాక మొన్న వచ్చినామెకు చాచిన చెయ్యి నాకెందుకు చాచలేదని ముఖం మీదే అడిగేశాను. ఆయన నిజంగానే తెల్లబోయారు.

"మీరు నాకంటే ఏడాది పెద్ద. పైగా ఆడవారు. చెయ్యి చాచాల్సింది మీరు కదండీ. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. మీకిష్టం లేదేమో అనుకున్నాను."

నేను పదవిని చూశాను, ఆయన వయసును చూశారు. ఎనిమిదేళ్లు ఇద్దరం మర్యాద తప్పకుండా కూర్చున్నాం.

మూల బల్ల దగ్గర ఎబ్బా కాఫీ ముట్టకుండా కూర్చుని ఉంది. లేచి అక్కడికి వెళ్లి చెయ్యి చాచాను.

"గున్వర్," అన్నాను.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుని "ఎబ్బా" అంది. శుక్రవారానికి ఆవు సగం నిండుతుంది, అప్పుడు నా పక్కన నిలబడు, నేర్పిస్తానన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే డోసెంట్ గారు కుర్చీలోంచి సగం లేచి, కుడిచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. ఎబ్బా చేతిలో ఉన్న నా చెయ్యి వైపే చూస్తున్నారు. ఆ చూపు నేను ఎరుగుదును, మిడ్‌సమ్మర్ నుంచి రోజూ అద్దంలో చూసినదే.

"ఇన్నేళ్లు ఆగారు కదా, డోసెంట్ గారూ," అన్నాను. "శుక్రవారం దాకా ఆగండి."