భూతకాలంలో ఒక సూట్‌కేసు

నేను ఒక సూట్‌కేసును. గట్టి అట్ట, దాని మీద తోలేమోనని చూసేవాళ్ళను భ్రమింపజేసే గోధుమరంగు రెగ్జిను, రెండు ఇత్తడి తాళాలు, లోపల నీలిపువ్వుల కాగితం. నా శరీరం ఇంతే. ఆత్మ అంటూ వేరే ఏదీ ఉన్నట్టు నాకు ఆధారం దొరకలేదు. మూత తెరిచి వెతికినవాళ్ళకూ కనిపించలేదు. ఆత్మ లేనిది ఆత్మకథ చెప్పడం విడ్డూరమే గాని, ఆ పని మనుషులు ఎప్పటినుంచో చేస్తున్నారు కదా అన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

కలకత్తాలో ఒక ఇరుకు సందులో, మేకులు పెదవుల మధ్య పట్టుకుని పనిచేసే ఒక ముసలి కార్మికుడు నన్ను తయారుచేశాడు. పని పూర్తయ్యాక నా మూతను తెరిచి మూసి, ఆ చప్పుడు విని, తృప్తిగా తల ఊపాడు. దూరదేశాలు తిరిగి రమ్మని నాకు దొరికిన అనుమతి అదేననుకున్నాను.

అనకాపల్లిలో నన్ను కొన్నది పొట్నూరి నరసింగరావు మాస్టారు. బళ్ళో ఇంగ్లీషు చెప్పేవారు. సిమ్లా చూడాలన్నది ఆయన కోరిక. కొత్త ఉన్నికోటు నాలో మడిచి పెట్టుకుని స్టేషనుకు బయలుదేరారు. దారిలో పాత శిష్యుడొకడు ఎదురై 'షల్'కూ 'విల్'కూ తేడా ఏమిటని అడిగాడు. వాడికి తేడా పూర్తిగా బోధపడేసరికి రైలు వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి, "రైలు తప్పిపోయింది" అన్నారు.

ఆ వాక్యం గురించి నేను చాలాకాలం ఆలోచించాను. తప్పిపోయింది రైలట! దానికేదో దారి తెలియక ఎక్కడో ఏడుస్తూ నిలబడినట్టు. ఇంగ్లీషులో అయితే "ఐ మిస్డ్ ద ట్రైన్" అని ఆ తప్పును మనిషి తన నెత్తిన వేసుకోక తప్పదు. ఎవరికి కావలసిన సాకులు వాళ్ళ వ్యాకరణమే ముందుగా అమర్చి పెడుతుంది కాబోలు.

మళ్ళీ ఆయనకు సెలవు కుదరలేదు. అలా నేను ప్రయాణం చేయకుండానే ప్రయాణాలు బోధించే వస్తువునయ్యాను. ఉద్యోగ విరమణ తరువాత మాస్టారు బెల్లం మార్కెట్టు వెనక ఒక మేడగదిలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పసాగారు. నన్ను బల్ల మీద పెట్టేవారు. నా మూత మీద చెయ్యి వేసినవాళ్ళు ఒక ప్రయాణం కథ చెప్పాలి. భూతకాలంలో చెప్పాలి, నవ్వు వచ్చేలా చెప్పాలి. "అబద్ధమైనా ఫరవాలేదు, క్రియ మాత్రం తప్పకూడదు" అనేవారు.

సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా నా మీద వాలేది. కింది దుకాణాల నుంచి కొత్తబెల్లం వాసన మెల్లగా పైకి తేలివచ్చేది. ఆ మగతలో ఎన్ని రైళ్ళు నా మీదుగా వెళ్ళాయో, ఎన్ని ఓడలు నాలో లంగరు వేశాయో! బెల్లం వ్యాపారి పోలినాయుడు ఒకనాడు కాశ్మీరు కొండల్లో ఎలుగుబంటితో కలిసి టీ తాగి వచ్చాడు. "ఐ డ్రంక్ విత్ ఎ బేర్" అని గర్వంగా ముగించాడు.

"'డ్రాంక్' అనవయ్యా. నువ్వన్నది తాగి పడిపోయినవాడి మాట" అన్నారు మాస్టారు.

"ఎలుగుబంటి ఎదురుగా కూకున్నాక ఏది తాగితే ఏటి మాస్టారూ!"

ఆ గదికి వరహాలు కాస్త ఆలస్యంగా వచ్చి చేరింది. జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఊరి బయట గుట్ట మీద పాత బౌద్ధారామం శిథిలాలున్నాయి. అక్కడ గైడు ఉద్యోగం సంపాదించాలని ఆమె ఆశ. అంతకుముందు ఏడాది ఇంటర్వ్యూకు వెళితే, ప్రయాణం ఎలా జరిగిందని ఇంగ్లీషులో అడిగారట. "బస్ కేమ్. విశాఖపట్నం కేమ్" అని జవాబిచ్చిందట. మన భాషలో ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి, మనం కిటికీ పక్కన కదలకుండా కూర్చుంటాం. అధికారులకు ఆ సంగతి తట్టలేదు, పగలబడి నవ్వి పంపేశారు. వయసు హద్దును బట్టి ఈసారిదే ఆమెకు చివరి అవకాశం.

"ఈపాలి కూడా పోతే బతుకంతా కాజాలు కుట్టుకోవడవే, మాస్టారూ" అంది.

ఆమెకు కథలు వచ్చు, కాలాలు రావు. మాస్టారు ఫోను చేస్తే "ఇదిగో, వచ్చేశానండీ" అనేది. అప్పటికింకా మిషను ముందునుంచి లేచి ఉండేది కాదు.

"'ఐ హావ్ కమ్' అన్నావంటే నువ్వు నా ఎదుట ఉండాలమ్మా. బయలుదేరకుండానే వచ్చేయడం తెలుగులోనే సాధ్యం" అనేవారు ఆయన. ఆమె నాలుక కరుచుకుని "చచ్చాను!" అనేది. "ఆ మాట నీ అంతట నువ్వు ఇంగ్లీషులో అన్నా ఎవరూ నమ్మరు" అనేవారు.

నుడికారాలు ఆమెకు మరీ చిక్కు. ఊరూరా తిరిగేవాణ్ణి ఇంగ్లీషులో 'సూట్‌కేసులోంచి బతుకుతున్నాడు' అంటారని మాస్టారు చెబితే, ఆమె నా వంక జాలిగా చూసింది.

"పాపం, కాళ్ళెలా ముడుచుకుంటాడండీ?"

"ఎవరు?"

"ఇందులో బతికేవోడు."

గది గదంతా నవ్వింది. నాలో ఎవరైనా బతకగలరన్న ఊహ మొదటిసారి నాకు కలిగింది అప్పుడే.

అన్నిటికంటె ఆమెను ఏడిపించింది 'హాడ్'. జరిగిపోయిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి ఆ గుర్తు పెట్టాలి. "అయిపోయిందంటే అయిపోయింది. అందులో మళ్ళీ ముందేటి, ఎనకేటి?" అని పేచీ పెట్టేది. మాస్టారు ఓపిగ్గా, "గుట్ట మీద నీ పనంతా దానితోనే. ఊరు పుట్టకముందే భిక్షువులు వెళ్ళిపోయారు. ఏది ముందో చెప్పలేని గైడు ఎందుకమ్మా?" అనేవారు.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక ఆయన నన్ను ఆమె చేతికిచ్చారు. "నా కోటు ఎలాగూ చిమటలపాలైంది. ఇదైనా ఒక ఊరు చూస్తుంది" అన్నారు. పోలినాయుడు నా తాళం బాగుచేయిస్తానని దుకాణానికి తీసుకుపోయాడు. తిరిగి ఇచ్చేటప్పుడు నాలో ఒక బెల్లం దిమ్మ పెట్టి, "తీపి తిని మాటాడు, తల్లీ" అన్నాడు. ఆ దిమ్మతోపాటు ఇంకెవరు నాలో చేరారో నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నది మూత మాత్రమే.

బస్సులో నన్ను ఇంజను పక్కన పెట్టారు. నా మొదటి ప్రయాణం! చెట్లు, వంతెనలు, చెరకు బళ్ళు వెనక్కి తేలిపోతుంటే, బెల్లం కరిగి నీలిపువ్వుల కాగితం మీదుగా మెల్లగా పాకుతుంటే, మేడగదిలో విన్న అబద్ధాలన్నీ నిజమవుతున్నట్టు అనిపించింది. అవి కాలేదు. నేను చేరింది విశాఖపట్నం మాత్రమే.

ఇంటర్వ్యూ గదిలో వరహాలు నన్ను బల్ల కాలికి ఆనించి కూర్చుంది. నమస్కారాలు ముగిసేలోపే చీమలు నా మూలనుంచి బారుగా బయటికి వచ్చి, బల్ల కాలు ఎక్కి, పెద్ద అధికారిణి టీకప్పు వైపు సాగాయి. ఆవిడ కప్పు పైకెత్తి, ఇదేమిటని ఇంగ్లీషులో గద్దించింది. 'చచ్చాను' అన్న మాట వరహాలు పెదవులదాకా రావడం నాకు కనిపించింది. దాన్ని మింగేసి, నా మూత మీద చెయ్యి వేసింది.

"మేడమ్, ఐ డిడ్ నాట్ బ్రింగ్ దెమ్. దే హాడ్ గాట్ ఇన్ బిఫోర్ ఐ గాట్ ఆన్ ద బస్" అని ఒక్క క్షణం ఆగి, "అండ్ దే హాడ్ నాట్ బాట్ టికెట్స్" అంది.

చీమలు ముందు, తాను తరువాత. టిక్కెట్టు లేకపోవడం ఇంకా ముందు. కాలాలన్నీ వాటి వాటి చోట్ల కుదురుగా కూర్చున్నాయి. ఈసారి కూడా అధికారులు నవ్వారు. కానీ ఆ నవ్వులో ఆమె కూడా ఉంది.

ఉద్యోగం వచ్చింది. చేరే రోజున మొదటి సందర్శకుడు తానేనని మాస్టారు మాట ఇచ్చారు. ఆ ఉదయం గుట్ట దగ్గర నన్ను పక్కన పెట్టుకుని వరహాలు ఫోను చేసింది.

"ఎక్కడున్నారు, మాస్టారూ?"

"ఇదిగో, వచ్చేశానమ్మా."

"చెప్పులేసుకున్నారా?"

"వెతుకుతున్నాను."

"మరి ఆ కాలం తప్పు కదండీ!" అని ఆమె నవ్వింది. అవతల ఆయనా నవ్వారు. ఆ గొంతు నేను వినడం అదే ఆఖరు. ఆయన గుమ్మం దాటకుండానే కుర్చీలో ఒరిగిపోయారని సాయంత్రం పోలినాయుడు వచ్చి చెప్పాడు.

వరహాలు నా పక్కన చతికిలబడి, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంటున్నట్టు, "వచ్చేశానన్నది ముందు, పోయింది ఎనక. అంటే... హి హాడ్ కమ్ బిఫోర్ హి వెంట్" అంది. "వచ్చాకే ఎల్లారు, నాయుడుబాబూ. వ్యాకరణం ప్రకారం మాస్టారు వచ్చాకే ఎల్లారు."

పోలినాయుడు ఆ వాక్యాన్ని దిద్దలేదు.

ఇప్పుడు నేను గుట్ట కింద చిన్న మ్యూజియంలో టిక్కెట్ల గదిలో ఉంటున్నాను. అద్దాల వెనక భిక్షువుల మట్టిపాత్రలు, నాలో పాత బల్బులు, దుమ్ముగుడ్డలు. మూలన బెల్లం మరక ఇంకా ఉంది. ఆమె రుజువును నేను ఒప్పుకోను. వ్యాకరణం మాటల వరసను చెబుతుందే తప్ప, మనుషులను బస్సెక్కించి తేలేదు. భూతకాలంలో భూతాలు లేవు. పోయినవాళ్ళు పోయినట్టే.

అయినా మధ్యాహ్నపు మగతలో గుట్ట కింద బస్సు ఆగినప్పుడు, పైన ఎక్కడినుంచో వరహాలు గొంతు 'హాడ్'ను నొక్కి పలుకుతూ వినిపిస్తుంది. కింద ఎవరివో చెప్పుల చప్పుడు మెట్ల దాకా వస్తుంది. గాలికే కావచ్చు, నా మూత కొద్దిగా లేస్తుంది.

వచ్చేశారేమో.