జుట్టు కోసం జింక్

మా మరిదికి, అంటే చెల్లి మొగుడికి, సెలూన్ ఉంది, దాని వెనకే ఇల్లు. గోడల నిండా అద్దాలే, ఎటు తిరిగినా ఆయనే కనిపిస్తాడు. ఒక్కణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది, అక్కడ పదిమంది.

నెలనెలా రక్తం పోయి పోయి మా చెల్లి పాలిపోయింది. గర్భసంచిలో గడ్డ తీయాలి. ముందు ఒంట్లో కాస్త రక్తం పడితేనే ఆపరేషన్ అని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. అప్పుడే చెల్లి జుట్టు రాలడం మొదలైంది. మరిదికి కొంప మునిగినంత పనయింది.

“నా పెళ్లానికే జుట్టు లేకపోతే నా షాపుకెవడొస్తాడు వదినా?” అన్నాడు.

ఎవరో కస్టమర్ చెప్పాడని పెద్ద డోసు జింక్ సీసా తెచ్చాడు. ఆయనకు ఏ పనైనా ఒక్క దెబ్బకు అయిపోవాలి. జుట్టు రంగు కలిపే గిన్నెలోనే రెండు మాత్రలూ నూరి, పరగడుపున టీతో మింగించేవాడు. చెల్లి తలలు కడిగే సింకులోనే వాంతి చేసుకునేది. అందులో ఎవరెవరివో వెంట్రుకలు, వాటి మీద గోధుమరంగు కక్కు.

రక్తం పెరగలేదు. ఆపరేషన్ వాయిదా పడింది. ఆ సీసా చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది.

“ఇంత జింక్ ఎవరిమ్మన్నారు? రెండూ కలిపి వేస్తే ఒకదాన్నొకటి ఒంటికి పట్టనివ్వవు. ఇంత డోసు చాన్నాళ్లు వాడితే ఒంట్లో రాగి తగ్గి, రక్తం ఇంకా పడిపోతుంది. ఇది ఆపేయండి. ఐరన్ మాత్రం మానొద్దు. టీతో అసలు వేయొద్దు.”

మరిది బుద్ధిమంతుడిలా తలూపాడు.

కొన్నాళ్లకు చూడబోయాను. చెల్లి గోడ పట్టుకుని నడుస్తోంది. ఐరన్ మాత్రలు దువ్వెనల సొరుగులో విప్పకుండా పడున్నాయి. జింక్ సీసా అడుగంటింది.

“రెండూ కలపొద్దన్నారుగా వదినా, అందుకే ఒకటి ఆపాను,” అన్నాడు అద్దంలో మీసం సర్దుకుంటూ. “రక్తం ఎప్పుడైనా వస్తుంది. జుట్టు పోతే వస్తుందా?”

చెల్లి కస్టమర్ల కుర్చీలో కూలబడి, కత్తెర అందుకుంది.

“ఏంటే, ఏం చేస్తున్నావ్?” అన్నాడు మరిది.

“నీ గోలంతా దీని గురించేగా?” అంది చెల్లి. జడ మొదలంటా కత్తిరించి ఆయన ఒళ్లో పడేసింది. “ఇదిగో, నువ్వే పెంచుకో. పద అక్కా.”

జింక్ సీసా చెత్తబుట్టలో పారేసి, ఐరన్ మాత్రలు సంచిలో వేసుకుని, చెల్లి చెయ్యి పట్టుకున్నాను. గుమ్మంలో వెనక్కి తిరిగి చూశాను. అద్దాలన్నిటిలోనూ మరిది జడ పట్టుకుని ఏడుస్తున్నాడు. పదిమందిలో ఒక్కడు కూడా మా చెల్లి వైపు చూడలేదు.