చెక్క మీద కుటుంబం

వీధిలో ఆమెకు చెక్కలావిడ అని పేరు. ఇంట్లో పెద్దకోడలు. ఆమెకు మొదటి పేరే ఇష్టం, ఎందుకంటే అది తాను సొంతంగా సంపాదించుకున్నది. రెండోది ఎవరో కట్టబెట్టింది.

పని చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఫొటోను జిరాక్సు షాపులో మామూలు కాగితం మీద ప్రింటు తీయించాలి, అదీ పొడి రంగు వాడే మిషను మీదే. తడి రంగు ప్రింటయితే నీళ్ళు తగలగానే కారిపోతుంది. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి తీయించాలి. నున్నగా చేసిన చెక్క మీద తెల్లటి జిగురు పలచగా పరిచి, కాగితాన్ని దాని మీద బోర్లా పెట్టి, గాలిబుడగలు మిగలకుండా సీసా దొర్లించి ఒక రోజంతా ఆరనివ్వాలి. మర్నాడు కాగితాన్ని తడిపి వేళ్ళతో రుద్దితే కాగితం ఉండలు ఉండలుగా ఊడొచ్చేస్తుంది, బొమ్మ చెక్కను పట్టుకుని మిగిలిపోతుంది. విద్యంతా ఆ రుద్దడంలోనే ఉంది. తక్కువ రుద్దితే ఆరిన తరువాత మొహాల మీద తెల్లటి పొర కడుతుంది. ఎక్కువ రుద్దితే అసలు మొహమే ఉండదు.

ఇవన్నీ ఆమె దెబ్బలు తిని నేర్చుకున్నవే. చనిపోయిన మామగారి బొమ్మను మొదటిసారి చెక్క మీదకి ఎక్కించినప్పుడు తిరగేయించడం మరిచిపోయింది. ఆయన పాపిట ఎడమ నుంచి కుడికి మారిపోయింది. అత్తగారు చెక్కను చేతిలోకి తీసుకుని, "నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఈయనెవరో నాకు తెలీదు" అంది. తరువాత ఎదురింటి ముసలావిడ బొమ్మ. తెల్లపొర పోవడం లేదని ఇంకో రెండుసార్లు రుద్దేసరికి కొప్పు మిగిలింది, చెవులు మిగిలాయి, మధ్యలో ఉత్త చెక్క. అది చెప్పుకుని అత్తగారు నెల్లాళ్ళు నవ్వింది.

ఆ నవ్విన మనిషే ఒక మంగళవారం పొద్దున ఫొటో ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"శనివారం వాళ్ళు వస్తున్నారు. ఇది చెక్క మీదకి ఎక్కించి ముందు గదిలో పెట్టాలి. పెద్దదిగా."

వాళ్ళంటే మరిదికి కొత్తగా కుదరబోతున్న సంబంధం వాళ్ళు. ఫొటో ఇంటి ముందు మెట్ల మీద తీసింది. కుర్చీల్లో మామగారు, అత్తగారు. వెనక వరసలో పెద్దకోడలి భర్త, పెద్దకోడలు, ఆమె పక్కన ఆమె చెల్లెలు, ఆ పక్కన మరిది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ ఇంటి అన్నదమ్ములిద్దరికీ భార్యలు. కాదు, ఒకరు భార్య, ఒకరు మాజీ భార్య. ఏడాది కిందటే విడాకులైపోయాయి.

"ఇందులో చెల్లి ఉంది కదత్తయ్యా" అంది పెద్దకోడలు.

"ఉంది కాబట్టే నీ దగ్గరకి తెచ్చాను. మీ మామయ్య జన్మలో పళ్ళు కనబడేలా నవ్వింది ఇదొక్కదాంట్లోనే. ఇది వదులుకోలేను."

"షాపులో చెబితే కంప్యూటర్లో తీసేస్తారు, రెండు నిమిషాల పని."

"తీసేసి, వీధిలో పదిమందికి చెబుతారు. మన ఇంటి గుట్టు వాడి కంప్యూటర్లో ఎందుకు? ఎదురింటామె మొహం పోగొట్టావు చూడూ, అలా పోగొట్టు. అడిగితే పాత ఫొటో, అక్కడ కాస్త పాడైందని చెబుదాం." అత్తగారు వెళ్ళబోతూ ఆగింది. "చేతిపని అంటావుగా. ఇప్పటికైనా ఇంటికి పనికొచ్చింది."

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన సాక్సు విప్పుకుంటూ విన్నాడు. "ఒక్క చెక్కే కదా" అన్నాడు. "రేపు షాపుకి వెళ్ళి వాడి మొహం చూడాల్సింది నేను." ఆయన పని చేసేది తమ్ముడి షాపులోనే. ఈ ఇంట్లో ఏ మాటైనా చివరికి వెళ్ళి ఆ షాపు గుమ్మం దగ్గరే ఆగుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆమె ఫోనులో ఉంది. ఏడాది పాటు ఒక్క మాట లేని చెల్లెలు ముందురోజే రెండు ముక్కలు పంపింది. "ఆదివారం వస్తాను, నా కుట్టుమిషను తీసుకెళ్ళడానికి. నువ్వు ఉంటావా?" మిషను గురించి రాసింది ఆమె ఒక్కసారే చదివింది. నువ్వు ఉంటావా అన్నది మాత్రం ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ఉంటావా అని అడిగిందంటే ఉండాలనే కదా. ఉండు అనిపించుకోవడానికి తనకు అర్హత ఉందా అన్నది వేరే సంగతి.

అర్హత సంగతి చెప్పుకోవాల్సిందే. చెల్లెలికి మరిదితో సంబంధం కుదిర్చింది అక్కే. మా మరిది బంగారం అని చెప్పి చేయించింది. బంగారం రెండేళ్ళకే చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరి వైపు పెద్దలూ కూర్చున్న రోజు చెల్లెలు వాచిన చెంపతో, "అక్క పక్కనే వంటింట్లో ఉంది, అంతా విన్నది, అడగండి" అంది. అందరూ ఇటు తిరిగారు. "మిక్సీ నడుస్తోంది, నాకేమీ వినపడలేదు" అంది అక్క. మిక్సీ నడిచిన మాట నిజమే. ఆమె దాన్ని ఆపిన తరువాతే దెబ్బలు పడ్డాయి, నాలుగూ విన్నది. ఆ మధ్యాహ్నం చెల్లెలు ఏడవలేదు, తిట్టలేదు. అక్కని ఒక్కసారి చూసి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఈసారి చెల్లెలు వచ్చినప్పుడు ఎలాగైనా మాట కలపాలి, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకోవాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

అంత కోరిక ఉన్న మనిషి చెయ్యనని చెప్పవచ్చు కదా అంటే, చెప్పలేదు. బుధవారం ప్రింటు తీయించింది. గురువారం అతికించింది. శుక్రవారం ఇంట్లో అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు పోయాక పెరటి గదిలో గిన్నెతో నీళ్ళు పెట్టుకుని కూర్చుంది.

ముందు మామగారిని తేల్చింది. నవ్వు చక్కగా వచ్చింది. అత్తగారు, భర్త, తను, మరిది. వేలి కొస కింద కాగితం ఉండలు కట్టి రాలుతుంటే ఒక్కొక్కరే బయటపడ్డారు. చివరికి చెల్లెలు. తేలినంత వరకు తేల్చి కాసేపు చూసింది. మెడ కాస్త వంచి, ఏదో జోకు చెప్పబోతున్నట్టు నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని రుద్దుదామనుకుంది గానీ ఈ పనిలో కళ్ళు మూసుకోవడం కుదరదు, పక్కవాళ్ళు పోతారు. చూస్తూనే రుద్దింది. ముందు జుట్టు పోయింది, తరువాత నుదురు. నోరు పోవడానికి చాలాసేపు పట్టింది. వేలి చర్మం మండింది. నల్లటి రంగు గోళ్ళలోకి చేరింది. ఏడుపు ముంచుకొచ్చినా చెయ్యి ఆపలేదు.

అంతా పోయాక చెయ్యి ఒకటి మిగిలింది. చెల్లెలు అక్క భుజం మీద వేసిన చెయ్యి. దాన్ని కూడా తియ్యాలి కదా అని చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టింది. వేలు పోయింది. దానితో పాటు అక్క భుజం కూడా గోరంత మేర లేచిపోయి చెక్క కనబడింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతే, అక్కడ ఆపేసింది. ఆ ఆపడానికి ఆమె మనసు శనివారానికల్లా మంచి బట్టలు తొడిగింది. అన్నీ చెరిపాను గానీ ఆ చెయ్యి చెరపడానికి ప్రాణం ఒప్పలేదు అనుకుంది. పదిసార్లు అనుకునేసరికి నిజమేననిపించింది. కొత్త సంబంధం వాళ్ళు వచ్చారు, మామగారి నవ్వు మెచ్చుకున్నారు, వెళ్ళారు. చెయ్యి ఎవరి కంటా పడలేదు. ఆదివారం పొద్దున చెక్కను తీసి దాచేద్దామా అనుకుని, ఉండనీ, చెల్లి చూడాలి అనుకుంది. చూస్తే అర్థం చేసుకుంటుంది. పైగా గుడ్డ పెట్టి తుడిచింది కూడా.

చెల్లెలు పదిగంటలకు వచ్చింది. కాస్త చిక్కింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వెంట బండివాడు. మరిది ఇంట్లో లేడు, అత్తగారు తన గది తలుపు వేసుకుంది.

"బాగున్నావా?" అంది అక్క.

"బాగున్నానక్కా."

అక్కా అంది. ఆ ఒక్క మాట పట్టుకుని పెద్దకోడలు వంటింట్లోకి పరుగెత్తింది. మంచినీళ్ళు తెచ్చేలోపు చెల్లెలు ముందు గదిలో చెక్క ఎదురుగా నిలబడి ఉంది. పెళ్ళైన కొత్తలో గిన్నెలో నీళ్ళు మార్చడం దగ్గర్నుంచి జిగురు పరచడం దాకా ఆమె కూడా అక్కతో పాటు చేసిన పనే ఇది.

"అత్తయ్య చేయించింది" అంది అక్క. తరువాత రెండు రోజులుగా నోట్లో నానబెట్టుకున్న మాట బయటికి తీసింది. "అంతా చెరిపాను. నీ చెయ్యి మాత్రం చెరపలేకపోయానే."

చెల్లెలు ముందుకి వంగింది. చెక్క మీద చూపుడువేలు పెట్టింది, సరిగ్గా చిటికెన వేలు ఉండాల్సిన చోట.

"ఇక్కడ రుద్దావు" అంది.

అక్క గ్లాసు ముందుకి చాపింది, చెల్లెలు అందుకోలేదు.

"రుద్దావక్కా. వేలు పోయింది. నీ భుజం కాస్త లేచింది, అప్పుడు ఆపావు." గొంతులో కోపం లేదు. పని తెలిసినవాళ్ళు పనిలో తప్పు చూపించినట్టే చెప్పింది. "నీకు దెబ్బ తగలకపోతే ఇది కూడా పోయేది."

"కాదే, నేను..."

"మాట్లాడదామనే వచ్చాను. దారి పొడుగునా ఏమేమో అనుకున్నాను కూడా. ఇంక అవసరం లేదులే."

మెట్ల కింద ఉన్న మిషను దగ్గరికి వెళ్ళి బండివాణ్ణి ఒక వైపు పట్టుకోమంది. అక్క గ్లాసు కింద పెట్టి రెండో వైపు పట్టుకోవడానికి వంగితే, "నేను పట్టుకుంటాను, నువ్వు తప్పుకో" అంది. ఇద్దరూ గుమ్మం దాటించి, మెట్లు దించి, బండిలోకి ఎక్కించారు. చెల్లెలు తాడు బిగించి, బండివాడి పక్కన ఎక్కి కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది.

"వెళ్ళిందా?" అంది అత్తగారు.

"వెళ్ళింది."

"ఏమైనా అందా?"

పెద్దకోడలు తాగకుండా మిగిలిపోయిన గ్లాసు అందుకుంది.

"నాతో ఏమంటుందత్తయ్యా" అంది, నీళ్ళు పారబోయడానికి వంటింట్లోకి వెళుతూ.