ఇంటి పిల్ల ముక్కు

పార్లరక్క మంచిదే గాని, కుర్చీలో ఎవరి ముక్కు కనబడినా ఆవిడ నోరు ఆగదు. "మేడమ్, బ్లాక్‌హెడ్స్‌ని ఇంట్లో గోళ్లతో గిల్లారో, అంతే సంగతులు! ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు ముక్కు మీద ఉంచాలి. మెత్తబడ్డాక నెమ్మదిగా తుడవాలి. రానిదాన్ని వదిలెయ్యాలి. అదేమన్నా మన మీద పగబట్టిందా?" అంటుంది. ఆ మాటకి నవ్వని వాళ్లు లేరు.

అంతటి మనిషి మొన్న ఇంట్లో చేసిన నిర్వాకం వినండి. ఆడపడుచు చుట్టపుచూపుగా వచ్చి, "ఏం వదినా, ఊరందరి ముక్కులూ తోముతావు, నీ పిల్ల ముక్కు మీద మాత్రం నువ్వులు చల్లినట్టుందే!" అనేసి పోయింది. సరదాకే అంది పాపం. ఈవిడకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డ లేదు, వేణ్నీళ్లు లేవు, చేతికున్న ఉల్లిపాయ వాసనైనా పోలేదు. కూతుర్ని, అదే హైస్కూలుకొచ్చినా ఇంట్లో ఇంకా చంటిదనే పిలిచే పిల్లని, కిటికీ దగ్గరికి లాగి రెండు గోళ్లతో నొక్కేసింది. "అమ్మా, నొప్పి!" అని పిల్ల మొత్తుకుంటే, "ఇంట్లో పిల్లవి, నీకు కూడా అన్ని హంగులూ కావాలా? కదలకు" అంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టే కదా!

తెల్లారేసరికి ముక్కు ఎర్రగా వాచి, కొసన చీము పట్టింది. ఇంకో రెండ్రోజుల్లో స్కూల్లో నాటకం. చంటిదే రాణి. సెలవుల నుంచీ అద్దం ముందు అవే మాటలు వల్లె వేస్తోంది పిచ్చిపిల్ల.

ఆ మధ్యాహ్నం నాటకం వేయించే టీచరమ్మే పార్లర్ కుర్చీలో కూర్చుంది. ఆదివారం కదా, వరసలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు. సరిగ్గా అప్పుడే చంటిది ఇంటి తాళంచెవి కోసం లోపలికొచ్చింది.

"అయ్యో, ఇదేంటే! ముక్కెవరు గిల్లారు?" అంది టీచరమ్మ.

చంటిది ఒక్కసారి తల్లి వైపు చూసి, "నేనే మిస్, గిల్లుకున్నా" అంది.

తల్లికి నోరు పెగల్లేదనుకున్నారా? పెగిలింది, అదే ఖర్మ. "చూశారా మేడమ్! చిలక్కి చెప్పినట్టు చెప్తాను. వింటేగా, మొండిఘటం!" అంది. అంటుంటే సిగ్గుతో ఆవిడ చెవులు భగ్గుమన్నాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"ముఖమే చూసుకోలేని పిల్లకి రాణి వేషం ఏమప్పగించను? ఇంకెవరినైనా చూస్తాలే" అంది టీచరమ్మ.

చంటిది ఏడవలేదు. "సరే మిస్" అని, తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

ఆ చెయ్యి చూసి తట్టుకోలేకపోయింది తల్లి. "దాన్నేమీ అనకండి మేడమ్. గిల్లింది నేను. ఈ గోళ్లతోనే. చేతులైనా కడుక్కోలేదు. నా పరువు కోసం అది అబద్ధమాడితే, సిగ్గులేకుండా నేను వంత పాడాను" అంది.

టీచరమ్మ మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టింది. "రాణి నువ్వేలేమ్మా, రేపు రిహార్సల్‌కి రా" అని పిల్లతో చెప్పి, పార్లరక్క ముఖం చూడకుండా వెళ్లిపోయింది. వరసలో ఉన్నవాళ్లకీ ఏవో పనులు గుర్తొచ్చాయి.

పార్లరక్క తలుపు వేసి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడుక్కుంది. వేణ్నీళ్లలో గుడ్డ ముంచి పిండింది. "ఇలా రామ్మా, కాపడం పెడతాను" అంటూ దగ్గరికెళ్లింది.

చంటిది ముఖం వెనక్కి తీసుకుంది. "నేనే పెట్టుకుంటాలే అమ్మా" అంది. గొంతులో కోపమైనా లేదు.

గుడ్డ పిల్ల చేతికిచ్చి పార్లరక్క పక్కకి తప్పుకుంది. ఇంకోసారి అడగడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.