చూడు, పట్టుకోకు

టైర్ల కొట్టు పై గదిలో యోగా నేర్పే అక్కకి కోపం రాదని వీధంతా చెప్పుకునేది. కింద కొట్టువాడు సరిగ్గా శవాసనం వేళకే సుత్తి అందుకునేవాడు. అయినా ఆవిడ చిరునవ్వు చెరిగేది కాదు. చెవుల్లో దూది పెట్టుకుంటుందేమోనని శిష్యులు గుసగుసలాడుకునేవారు. "సమత్వం అంటే ఇంతే. వచ్చినదాన్ని చూడు, పట్టుకోకు" అనేది. నిజం చెప్పాలంటే, చూడటం నేర్పినంత శ్రద్ధగా ఆవిడ ఇంకేదీ నేర్పలేదు.

ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. ఒక వానరోజు ఎవరిదో సైకిలు జారి అతని చక్రాల కింద పడింది. మనిషి బతకలేదు. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. తేలితే ఏం లాభం? కళ్ళు మూస్తే చాలు, సైకిలు గంట వినిపించేది. చిక్కి సగమయ్యాడు. అక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"గంట వినపడితే వినపడనీరా. గట్టు మీద కూర్చుని వాగు చూస్తున్నాననుకో. అందులోకి దిగకు."

అంత బుద్ధిగా నేర్చుకున్న శిష్యుడు ఆవిడకి మరొకడు లేడు. కొన్నాళ్ళకి నిద్ర పట్టింది. మళ్ళీ బస్సెక్కాడు. అక్క లోలోపల పొంగిపోయింది. మరి ఆ పొంగిపోవడం పట్టుకోవడం కాదా అని ఆవిడని అడిగినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం తరగతి మధ్యలో తమ్ముడి భార్య చెప్పులతోనే లోపలికొచ్చేసింది. చంకలో కూతురు చిట్టి, పిల్ల అరచేతికి కట్టు.

"వదినా, మా ఆయన్ని నాకు తిరిగిచ్చెయ్."

"ఏమైందమ్మా?"

"ఇది ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెట్టింది. నేను మేడ మీద బట్టలు తీస్తున్నా. కేకలు విని పరిగెత్తుకొచ్చా. ఆయన పక్కనే కూర్చుని చూస్తున్నాడు వదినా! ఏడుపు వస్తుంది, పోతుంది అంటాడు. ఇదివరకు దీనికి తుమ్మొస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు కదా!"

అక్క మొహంలో చిరునవ్వు చెరిగిపోయింది. శిష్యుల్ని చాపల మీదే వదిలేసి మరదలి వెంట నడిచింది.

తమ్ముడు గదిలో నేల మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆవిడ నేర్పినట్టే, ఏ వంకా పెట్టలేనంత చక్కగా.

"నీ కూతురి చెయ్యి కాలిందిరా!"

"తెలుసక్కా. చూశాను."

"చూసి?"

ఆ ప్రశ్న అర్థం కానట్టు మొహం పెట్టాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. భుజాలు పట్టుకుని కుదిపేసింది. "కోపం తెచ్చుకోరా! నన్ను తిట్టు. బోరున ఏడువు. పిల్ల మునిగిపోతుంటే వాగులోకి దూకాలని నీకు చెప్పలేదు, నాది బుద్ధి తక్కువ!" ఆవిడ ఏడ్చి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు ఆపుకోవడం చేతకాలేదు.

తల్లి చంకలోంచి చిట్టి కిందికి దిగింది. తండ్రి వైపు చూడనైనా చూడలేదు. వెక్కుతూ వచ్చి, మంచి చేత్తో అత్త కొంగు పట్టుకుంది.

తమ్ముడు తన భుజాల మీద బిగుసుకున్న అక్క వేళ్ళని ఒక్కొక్కటిగా, మెత్తగా విడదీశాడు.

"చూడక్కా" అన్నాడు, అచ్చం ఆవిడ తరగతిలో అనేంత నెమ్మదిగా. "పట్టుకోకు. అదే పోతుంది."