పదో పేరు

నేను పత్రికలకు ఉత్తరాలు రాస్తాను. రిటైరైనప్పటి నుంచి ఇదే డ్యూటీ. బొగ్గు మా దగ్గర తవ్వి, బూడిద మా నెత్తిన పోసి, మా పిల్లల బడికి పెచ్చులూడని గోడ ఎందుకు కట్టరని గెలిచినవాళ్లనూ ఓడినవాళ్లనూ వరసపెట్టి అడుగుతాను. బడ్జెట్‌లో చదువు వంతు వచ్చేసరికి అందరికీ చెయ్యి ఎందుకు ముడుచుకుంటుందని అడుగుతాను. ఎవరూ జవాబివ్వరు. పత్రికవాళ్లు సగం కోసి, మిగతా సగం వేస్తారు. కింద 'ఒక పౌరుడు, గోదావరిఖని' అని ఉంటుంది. పేరు రాయను. పేర్లతో నాకొక పేచీ ఉంది.

మా బస్తీలో సర్కారు ప్రాథమిక బడి ఉంది. ఈ జూన్‌లో అందులో మిగిలిన పిల్లలు తొమ్మిది మంది. పది మంది లేకపోతే బడిని మెయిన్ రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారని జమున టీచర్ ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆమె ఈ ఏడే బదిలీ మీద వచ్చింది, ఎవరి పిల్లలు ఎవరో ఇంకా తెలియదు. ఆ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. వాటికి బ్రేకులు ఉన్నాయో లేవో డ్రైవర్లకే తెలియాలి.

మా పక్కింటి నుస్రత్ బేగం బట్టలు కుట్టి మనుమరాలు షబీనాను సాకుతోంది. పిల్ల మూడో తరగతి.

"కలిపితే కలుపనీ అన్నా. నేనైతే పోరిని ఆ రోడ్డు దాటనియ్య. రోజు తోల్కపోవుడంటే నా మిషన్ ఎవలు తొక్కుతరు? ఇంట్ల కూసొని గుండీలు కుడ్తది," అంది.

షబీనా గడప మీద కూర్చుని పన్నెండో ఎక్కం చదువుతోంది. వాళ్ల నానమ్మ మాట విని ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదటి నుంచి అందుకుంది.

పదో పిల్లవాడు కావాలి. మా ఇంట్లోనే ఉన్నాడు ఒకడు, నా మనుమడు రుత్విక్. రెండో తరగతి. టై కట్టుకుని పసుపు రంగు బస్సెక్కి ఇంగ్లీషు మీడియానికి పోతాడు. వాడి పేరు మనసులోకి రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఈగను తోలినట్టు తోలేశాను.

ఇప్పుడు నా పేరు సంగతి. అమ్మానాన్నలు పెట్టింది లింగమూర్తి. గనిలో నేను కొమురెల్లిని. అసలు కొమురెల్లి మా చిన్నమ్మ కొడుకు. కొలువు వాడికే వచ్చింది. మొదటి రోజు గనిలోకి దిగి, ఆ చీకటి చూసి, పైకొచ్చి, ఎట్లాగో బతకలేనా అని ఊరికి పారిపోయాడు. వాడి బదులు నేను దిగాను. ముప్పై మూడేళ్లు షిఫ్టు మొదట్లో మస్టరు దగ్గర "కొమురెల్లి" అని పిలిస్తే "హాజర్ సార్" అన్నాను. నాలాంటి మారుపేరువాళ్లు ఆ రోజుల్లో గంపెడు మంది. ఎవరికీ తప్పనిపించలేదు. చెమట మాదే కదా, పేరు ఎవడిదైతేనేం?

అందుకే బడి రిజిస్టర్లో ఒక మారుపేరు పడితే కొంప మునిగేదేమీ లేదనుకున్నాను. రుత్విక్ బడికి ఏదో సెలవొచ్చిన రోజు, వాడికి ఐస్‌క్రీం ఆశపెట్టి జమున టీచర్ దగ్గరికి తీసుకుపోయాను.

"పేరేంది కాకా?" అంది.

నేను వేరే పేరు అనుకుని పోయాను. నోరు మాత్రం దానికి అలవాటైందే చెప్పింది.

"కొమురెల్లి."

"ఈ జమానల గసొంటి పేరు పెట్టిండ్రా?"

"తాత పేరు," అన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆధార్ రేపు తెస్తానన్నాను. మరుసటి రోజు నుంచి వాడికి జ్వరమని కబురు పంపాను.

వారం తిరగకుండానే పిల్లలను లెక్కబెట్టడానికి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. పొద్దున్నే మా కోడలు శోభ దగ్గర నసిగాను.

"పిలగానికి ఒళ్లు వెచ్చగున్నట్టున్నది. ఇయ్యాల ఉండనీ."

"మంచిగనే ఉన్నడు మామా. ఇయ్యాల పరీక్ష," అని వాడిని బస్సెక్కించింది.

ఒక్కడినే బడికి పోయి, వెనక గోడకు ఆనుకుని తల్లుల పక్కన నిలబడ్డాను. ఆఫీసరు మెత్తని మనిషి. అద్దాలు పైకి తోసుకుని రిజిస్టరు అందుకున్నాడు. షబీనా అని పిలవగానే పిల్ల లేచి, బడి అదిరేట్టు "ప్రెజెంట్ సార్!" అంది. ఒక్కొక్కరే పలుకుతున్నారు. తొమ్మిది పేర్లయ్యాయి. పదో పేరు వచ్చినప్పుడు పిల్లవాడికి జ్వరమని ముందుకొచ్చి చెప్పాలని నా ఉపాయం.

"కొమురెల్లి."

"హాజర్ సార్!"

చెయ్యి కూడా లేపాను. ఎవరో కాదు, నేనే.

పిల్లలు గొల్లుమన్నారు. తల్లులు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసరు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"ఏ క్లాసు పెద్దాయనా?"

ఇక దాచి లాభం లేదు. మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"నేను చూసిందే రాస్త. తొమ్మిది. సోమవారం కాయితం పైకి పోతది. ఆ లోపల నిజం పిల్లగాడు ఉంటే తీసుకరాండ్రి," అని లేచాడు.

జమున టీచర్ గేటు దాకా నాతో వచ్చింది.

"కాకా, మీ మనుమన్ని వాని పేరుతోనే తోల్కరావచ్చు గదా?"

ఆమె అరిచినా బాగుండేది.

ఆ సాయంత్రం కొడుకు జైపాల్, శోభ ఇద్దరూ ఉండగా అడిగాను. జైపాల్ బసంత్‌నగర్‌లో సిమెంటు లారీ తోలుతాడు. నేను దిగిపోయాక గనిలో నా కొలువు వారసుడిగా వాడికి రావాలి. తండ్రి పేరు కొమురెల్లి అని కంపెనీ కాగితంలో, లింగమూర్తి అని వాడి సర్టిఫికెట్‌లో. రాలేదు. వాడు తలొంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. శోభ మాట్లాడింది.

"మామా, నీ మారుపేరుతోని నీ కొడుకు కొలువు పాయె. ఇప్పుడు నా కొడుకు సదువు గూడ నీకే గావాల్నా? ఊరందరి కోసం నా పిలగాడే దొరికిండా? అవ్వ గావాలె, బువ్వ గావాలె అంటే ఎట్ల?"

లేచి బయటికి వచ్చేశాను. ఆమెకు భయపడి కాదు. వాడు ఆ బస్సులోనే పోవాలని నాకూ లోపల ఉంది. నాయకులు తమ పిల్లలను సర్కారు బడికి పంపాలని నలభై ఉత్తరాలు రాసిన చేత్తోనే వాడికి టై ముడి వేస్తున్నది నేనే.

సోమవారం కాగితం పోయింది. బడికి తాళం పడింది.

నుస్రత్ గుమ్మంలో నిలబడి, "నేను దాటిస్త. రోజు. దాన్ని పంపు," అన్నాను. ఆమె మిషన్ ఆపి, లేచి పిల్లకు సంచీ తగిలించింది.

ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడతాను. షబీనా వెనక మిగతా ఎనిమిది మందీ వస్తారు. టిప్పర్లు హారన్లు కొడతాయి. కొట్టనీ.

మొన్న ఆ గుడ్డకు టిప్పరుతో పాటు పసుపు రంగు బస్సు కూడా ఆగింది. కిటికీలోంచి రుత్విక్ "తాతా!" అని చెయ్యి ఊపాడు. షబీనా కూడా వాడికి చెయ్యి ఊపింది. రోడ్డు అవతలి అంచుకు చేరాక నా వేలు వదలకుండా అడిగింది.

"తాతా, నువ్వు మా బడికి రోజు వస్తవు గదా. రుత్విక్ ఎందుకు రాడు?"

సర్కారు మీద చెప్పడానికి నా దగ్గర నలభై జవాబులున్నాయి. ఈ పిల్లకు అవేవీ పనికిరావు. సిగ్గేసింది.

"నేనే పంపలే బిడ్డా," అన్నాను.

పిల్ల తలూపి బడి వైపు పరుగెత్తింది. వెనక బస్సు ఇంకా ఆగే ఉంది. గుడ్డ దించి పక్కకు తప్పుకున్నాను.