ఇనుము సోకని వైక్రాంతములు

వర్షర్తువు కడచినను వర్షము కడవని యాశ్వయుజమాసమున మేఘపటలావృతములైన తూర్పుకనుమల శిఖరములనుండి యెఱ్ఱనినీరు వాగులై పాఱుచుండగా సూర్యుడు మధ్యాహ్నమునకు గాని ముఖము చూపకుండెను. ఆ కొండకడుపున పలుగురాతికిని అభ్రకమునకును నడుమ మట్టినిండిన గూళ్లుండును. ఆ గూళ్లయందు హరితపాటలకాంతులీను వైక్రాంతమణులు పెరుగును. గూడు కనబడిన పిమ్మట ఇనుము తాకింపరాదనియు వెదురుపుల్లతో మాత్రమే మట్టి గీకి మణులను వెలికి దీయవలయుననియు నచట త్రవ్వువారి కట్టడి. దెబ్బకు అదరిన మణి లోన బీటవాఱును. బీటవాఱినదానిని కొనువాడు లేడు.

పండన్నయు నతని తమ్ముడు సింగన్నయు తండ్రినాటి సొరంగమున పనిచేయుచుండిరి. ఒకనాడు సింగన్న లోపల నుండగా వాననీటికి నానిన కప్పు కూలి త్రోవ మూసికొనిపోయెను. వెలుపలివైపున నున్న పండన్న పరుగున పోయి గునపమెత్తి కూలిన రాళ్లను తప్పించి త్రోవ చేయుటకై ప్రక్కగోడను పొడిచెనో లేదో రాతిపొర యూడి, యంతకుముందు వారి వంశమున నెవ్వడును గనియెఱుగని మణిభరితమైన గూడొకటి దీపపు వెలుగున నగపడెను. తమ్మునికిని దనకును నడుమ నున్నది ఆ గూడొక్కటియే. గునపము దానంతటదియే క్రిందికి దిగెను. చేయి మొలలోని వెదురుపుల్లను దీసెను.

"ఊపిరాడ్డం నేదన్నా. గునపంతో కొట్టీ, రాళ్లు పోతే పోనీ" అని, గునపపు చప్పుడాగుటతో గూడు తగిలినదని గ్రహించిన సింగన్న రాళ్ల సందులగుండ పలికెను.

"ఉండొరే తమ్మీ, రవ్వంతసేపు. నాలుగు రాళ్లు తీసీసి కొట్టీస్తాను" అని పండన్న యనెను.

తమ్మునిమీద నతనికి ప్రేమ లేకపోలేదు. వాని కంఠము గట్టిగనే యున్నదికదా యని గుండె దిటవుచేసికొని, బాల్యమునుండి యలవడిన యోర్పుతో నొక్కొక్క మణినే మట్టి విడిపించి యొడిలో వేసికొనుచుండెను. ఇంతటి మూర్ఖత్వమునకు లోభమని పేరిడిన సరిపోదు; చేయి నేర్చిన మేలిపనియే యా దినమున వానిని చెఱచెను. నడుమనడుమ "తమ్మీ" యని పిలుచుచుండెను. కొంతసేపటికి బదులు రాలేదు. అప్పుడు గునపమెత్తి వెఱ్ఱివానివలె పొడిచెను గాని, యందిన తమ్ముని చేయి చల్లబడియుండెను.

శవమును వెలుపలికి దెచ్చునప్పటికి సింగన్న భార్య అప్పలకొండ సొరంగద్వారమున నిలిచియుండెను. ఆమెయు త్రవ్వువారి యింటి కూతురే. పండన్న వంగి తమ్ముని నేలబెట్టుచుండ నొడిలోని మణులు జారి యామె పాదములకడ పడెను. ఆమె యేడువలేదు. ఒక్కొక్కదానినే తీసి వెలుగునకెత్తి చాలసేపు పరికించి చూచెను.

"ఒక్కటీ బీటవారనేదు బావా" అనెను.